గాజు కెంపుల జపమాల

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో జాకాన్ అనే పనివాడు ఉండేవాడు. జపమాలలు కట్టి అమ్మడం అతని వృత్తి. ఆబ్లెట్ అనే చిన్న ఏటి చేపల్ని తొట్టిలో కడుగుతుంటే, నీళ్లలో వెండిలా తళతళలాడే నలుసులు తేలడం అతని కంట పడిందట. పొలుసుల నుంచి ఊడిన ఆ నలుసుల్ని వడకట్టి, ముద్ద చేసి, మొదట జిప్సం పూసల మీద పూశాడు. చూపుకు ముత్యాలే. కానీ చెమట తగిలితే పూత ఊడి మెడకు అంటుకుంటోందని కొన్నవాళ్లు గోల పెట్టారు. అప్పుడతను పూతను బయటి నుంచి లోపలికి మార్చాడు. ఊది చేసిన బోలు గాజుపూసలోకి ఆ ద్రవాన్ని ఎక్కించి, గోడలకు పట్టించి, ఆరాక మైనం నింపాడు. పైన గాజు, మధ్యలో చేప మెరుపు, లోపల బరువుకూ బలానికీ మైనం. ఆ తర్వాత తరాల తరబడి ఐరోపా ఆడవాళ్లు వేసుకున్న గాజు ముత్యాలకు మూలం ఇదే.

కృత్రిమ నగల చరిత్రలో జాకాన్ పేరు తప్పకుండా వస్తుంది. అతను జపమాలల పనివాడన్న మాట మాత్రం అక్కడ ఒక్క పదంలో తేలిపోతుంది. నాకు అదే పెద్ద సంగతిగా కనిపిస్తుంది. రత్నం లేకుండా రత్నపు రంగును, రత్నపు వెలుగును పుట్టించాలన్న తపన ఐరోపాలో రాజుల కొలువుల్లో ఎంత ఉందో, చేతివేళ్ల మధ్య పూసలు తిప్పుకుంటూ ప్రార్థించే మామూలు జనం కోసం పనిచేసిన వీధుల్లోనూ అంత ఉంది. ఆ వీధుల్లో పుట్టిన పూసలు ఈరోజుకీ పాత పెట్టెల్లో దొరుకుతున్నాయి. ఊదా, కెంపు, నీలం, పచ్చ రంగుల్లో మెరిసే ఆ మాలల్ని 'రాళ్లవి కావు, ఉత్త గాజు' అని పక్కన పడేస్తున్నాం. అవి పక్కన పడేయాల్సినవి కావని చెప్పడానికే ఈ కథనం.

యాభై తొమ్మిది పూసల లెక్క

మన కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) ప్రతి ఇంటా ఉండే జపమాల నిర్మాణం తెలిసిందే. చుట్టులో పదేసి పూసల గుంపులు ఐదు, వాటి మధ్య విడిగా నాలుగు పూసలు. కింద పతకం, పతకం నుంచి వేలాడే తోకలో ఐదు పూసలు, చివర సిలువ. మొత్తం 59 పూసలు. మంగళవార్త జపానికి 53, పరలోక జపానికి 6. ఒక్కో పదికి ఒక్కో దేవ రహస్యం తలుచుకుంటారు. 150 కీర్తనలు చదవలేని నిరక్షరాస్యులు వాటికి బదులుగా అన్నిసార్లు ప్రార్థన చెప్పుకునే అలవాటు నుంచి ఇది పెరిగింది. పదిహేను రహస్యాల రూపాన్ని 1569లో ఐదో పయస్ పోపు స్థిరపరిచారు. వెలుగు రహస్యాలు ఐదింటిని 2002లో రెండో జాన్ పాల్ పోపు చేర్చారు.

చదువు రానివాళ్ల కోసం పుట్టిన వస్తువు కావడంతో ఎవరి స్తోమతుకు తగ్గ పూస వాళ్లకు కావాల్సి వచ్చింది. 1268 ప్రాంతంలో పారిస్ వృత్తి సంఘాల నియమాలన్నిటినీ రాజు అధికారి ఎతియెన్ బువాలో ఒకచోట రాయించినప్పుడు, జపమాలల పనివాళ్లకే వేర్వేరు సంఘాలు కనిపించాయి. ఎముక, కొమ్ము పూసలు చేసేవాళ్లు ఒకరు. పగడం, గవ్వ పూసలవాళ్లు ఇంకొకరు. అంబరు, నల్లరాయి (జెట్) పనివాళ్లు మరొకరు. బాల్టిక్ తీరపు అంబరును బ్రూజ్, లూబెక్ నగరాల్లో పూసలుగా తీర్చేవారు. భక్తి ఉన్నచోటే ఆడంబరమూ చేరింది. 1261లో ఓర్వియెటోలో డొమినికన్లు తమ సోదరులు మరీ డాబైన పూసలు పట్టుకు తిరగవద్దని ఆంక్ష పెట్టుకోవాల్సి వచ్చింది. కలిగినవాళ్ల చేతుల్లో స్ఫటికం, పగడం, గార్నెట్ మెరుస్తుంటే లేనివాళ్లు కొయ్య, ఎముక తిప్పేవారు. ఆ రెంటి మధ్య ఉన్న దూరాన్ని గాజు తగ్గించింది.

ఒక ఫాదర్ రాసిన రత్నాల వంటకం

గాజుతో రాయిని అనుకరించడంలో మొదట ఆరితేరింది వెనిస్. అగ్నిప్రమాదాల భయంతో 1291లో అక్కడి కొలుములన్నిటినీ మురానో దీవికి తరలించారు. 1300 నాటికే తెల్లగాజును స్ఫటికమని చెప్పి అమ్మకూడదని వెనిస్ స్ఫటిక పనివాళ్ల సంఘం కట్టడి చేసింది. ఈ నియమం నాకు ఎంతో నచ్చుతుంది. గాజు పూస చేయడం తప్పని అది అనలేదు. అబద్ధం చెప్పి అమ్మడమే తప్పంది. ఇవాళ్టికీ పాత జపమాలల విషయంలో పట్టుకోవాల్సిన గీత అదే.

మురానోలో పూసలు చేసే తీరు చూడముచ్చటైన పని. కరిగిన గాజు ముద్దలోకి గాలి ఊది బుడగ చేస్తారు. ఇద్దరు పనివాళ్లు చెరో కొస పట్టుకుని ఎదురెదురు దిశల్లో వేగంగా నడిచిపోతారు. మధ్యలో గాజు సన్నటి గొట్టంలా సాగిపోతుంది. బుడగే బెజ్జం అవుతుంది. గొట్టాన్ని ముక్కలు కోసి, బెజ్జాలు మూసుకుపోకుండా సున్నం, బొగ్గుపొడి దట్టించి, వేడి చేస్తూ దొర్లిస్తే పదును అంచులు గుండ్రబడతాయి.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేటలో పూసలవాళ్లు లాడా అనే బోలు ఇనుప గొట్టం మీద గాజు ముద్దను శంఖంలా తీర్చి, కొలిమి ముందు కూర్చుని గొట్టంలా చేత్తో లాగేవారు. ముక్కలు కోశాక బూడిదలో కలిపి వేడి చేసేవారు. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట సాగిన పద్ధతికి ఇది సజీవ వారసత్వమని పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ గుర్తించారు. మురానో బొగ్గుపొడి, మన బూడిద చేసేది ఒకే పని. రెండు చోట్లా అదే ఉపాయం తట్టింది.

రంగుల సంగతికి వస్తే, 1612లో ఫ్లోరెన్స్‌లో అచ్చయిన ఆంటోనియో నేరి గాజు పుస్తకం దగ్గర ఆగాల్సిందే. గాజు తయారీపై అచ్చయిన మొదటి పూర్తి గ్రంథం అది. అందులో ఒక భాగమంతా కృత్రిమ రత్నాలకే కేటాయించాడు. ఎక్కువ సీసం కలిపిన గాజును ఎలా కరిగించాలి, దాన్ని పచ్చగా, నీలంగా, కెంపుగా ఎలా మార్చాలి అన్నదంతా కొలతలతో సహా రాశాడు. ఆ నేరి కథోలిక గురువు. కృత్రిమ రత్నం చేయడంలో ఆయనకు పాపమేమీ కనిపించలేదు. దేవుడు భూమిలో దాచిన రంగుల్ని మనిషి కొలిమిలో వెతకడం ఆయన దృష్టిలో గౌరవప్రదమైన విద్య.

ఆ విద్యలో రంగులన్నీ లోహాల నుంచే వస్తాయి. నీలానికి కోబాల్ట్ చిటికెడు చాలు. ఊదారాయి (అమెథిస్ట్) రంగుకు మాంగనీస్. పచ్చకు రాగి, తర్వాతి కాలంలో క్రోమియం. అన్నిటికన్నా గడ్డు పని కెంపుది. దానికి బంగారం కావాలి. ఆమ్లాల మిశ్రమంలో కరిగించిన బంగారాన్ని తగరం సాయంతో ఊదా పొడిగా దించి గాజులో కలుపుతారు. కొలిమి నుంచి తీసినప్పుడు ఆ గాజుకు రంగే ఉండదు, లేదా వెలిసిన పసుపులో ఉంటుంది. చల్లారాక మళ్లీ మెల్లగా సెగ చూపిస్తే, కంటికి కనిపించని బంగారు రేణువులు పెరిగి చూస్తుండగానే ఎరుపెక్కుతుంది. సెగ ఎక్కువైతే గోధుమరంగు మురికి తేలుతుంది. నేరి పుస్తకాన్ని 1679లో జర్మన్‌లోకి తెచ్చిన యోహాన్ కుంకెల్ ఈ కెంపు గాజులో సిద్ధహస్తుడు. బెర్లిన్ దగ్గర నెమలి దీవిలో బ్రాండెన్‌బర్గ్ ప్రభువు కట్టించి ఇచ్చిన కొలిమిలో పనిచేశాడు. బంగారం కలిసిన గాజు చవక సరుకెలా అవుతుంది? పంతొమ్మిదో శతాబ్దం చివర సెలీనియంతో ఎరుపు సాధించాకే కెంపు రంగు పూస అందరి చేతికీ అందింది.

కొండలోయల్లో పూసల పంట

పాత జపమాలల్లో మనకు ఎక్కువగా తగిలే రత్నపు రంగు పూసలకు పుట్టిల్లు బొహీమియా. అంటే నేటి చెక్ దేశపు పశ్చిమ భాగం, అందులోనూ ఉత్తర కొండసీమ. అక్కడి టుర్నొవ్ రాళ్లకు సానపట్టే ఊరు. బొహీమియా గార్నెట్ నెత్తురు చుక్కంత ఎర్రటి రాయి, కానీ గింజ చిన్నది. పెద్ద పూసలకు సరిపోదు. పద్దెనిమిదో శతాబ్దంలో టుర్నొవ్ పనివాళ్లు సీసపు గాజు ముద్దను గార్నెట్ రంగుకు తెచ్చి, రాళ్లకు పట్టినట్టే దానికీ సానపట్టారు. రాతి పనివాడి చెయ్యి కాబట్టి పలకలు రాతిలాగే తేలాయి. గార్నెట్ మాట వచ్చింది కనుక మన ముచ్చటొకటి. పాత ఖమ్మం జిల్లా గరీబ్‌పేట గార్నెట్లే అరికమేడు పూసల బజారుకు వెళ్లాయని రత్నశాస్త్రజ్ఞులు రసాయన పరీక్షలతో తేల్చారు. అసలు రాయి మన నేలలో ఉంది, దాని గాజు రూపం బొహీమియాలో పుట్టింది.

టుర్నొవ్‌కు కాస్త దూరంలో యాబ్లొనెట్స్. అప్పట్లో జర్మన్లు దాన్ని గాబ్లొంజ్ అనేవారు. పంతొమ్మిదో శతాబ్దంలో ప్రపంచానికి పూసలు పంపిన ఊరు అది. మన దేశానికి చేతి గాజులు కూడా అక్కడి నుంచి ఓడలెక్కి వచ్చేవి. పెద్ద ఫ్యాక్టరీల కన్నా కొండవాగుల పక్కన గుడిసెల్లో, ఇళ్లలో ఎక్కువ పని జరిగేది. గాజు కడ్డీ కొసను మంటలో మెత్తబరిచి, పటకారులాంటి అచ్చులో పెట్టి నొక్కుతారు. అచ్చులోని సూది బెజ్జం పొడుస్తుంది. ఒక ఇంట్లో అచ్చు పోస్తే, ఇంకో ఇంట్లో వాగునీటితో తిరిగే సానరాళ్ల మీద పలకలు దిద్దుతారు. సానపట్టాక గాజు మసకబారుతుంది కనుక పూసల్ని మళ్లీ పొయ్యిలో క్షణం సేపు వేడి చేస్తే పైపొర కొద్దిగా కరిగి మెరుగు తిరిగొస్తుంది. ఆఖర్న ఆడవాళ్లు, పిల్లలు దారాలకు గుచ్చి డజన్ల లెక్కన వ్యాపారి ఇంటికి మోసుకెళ్లేవారు. గాజు ధూళిలో, సెగలో జీవితాలు గడిపిన ఈ మనుషుల పేర్లు ఏ పూస మీదా లేవు.

యాబ్లొనెట్స్ దగ్గరి ఊళ్లో 1862లో పుట్టిన డానియెల్ స్వరోవ్‌స్కీ పలకలు కోసే యంత్రానికి 1892లో పేటెంట్ తీసుకుని, మూడేళ్లకు ఆస్ట్రియాలోని వాటెన్స్‌కు మారిపోయాడు. అదే కొండల్లో రీడెల్ కుటుంబం 1830లలో గాజులో యురేనియం కలిపి పసుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ రంగులు తెచ్చి, వాటికి తమ ఇంటి ఆడపిల్ల అన్నా పేరు పెట్టింది. ఆ యురేనియం బొహీమియాలోని యాహిమొవ్ గనులదే. క్యూరీ దంపతులు రేడియం కనిపెట్టింది అక్కడి ఖనిజం మడ్డి నుంచే. లేతపచ్చ జపమాల ఏదైనా ఉంటే చీకట్లో అతినీలలోహిత కిరణాల టార్చి వేసి చూడండి. పూస మొత్తం ఆకుపచ్చగా భగ్గుమంటే అది రీడెల్ బాటలో వచ్చిన గాజు. ఇంట్లో ఉంచుకుంటే భయపడాల్సిందేమీ లేదు.

1945 తర్వాత కథ విషాదంగా మలుపు తిరిగింది. యుద్ధం ముగిశాక జర్మన్ మాట్లాడే పనివాళ్లను చెకోస్లొవాకియా వెళ్లగొట్టింది. గాబ్లొంజ్ వాళ్లలో చాలామంది బవేరియాలోని కౌఫ్‌బోయ్‌రెన్ పక్కన పాడుబడిన మందుగుండు ఫ్యాక్టరీ స్థలంలో కొత్త ఊరు కట్టుకుని, దానికి నోయ్‌గాబ్లొంజ్, అంటే కొత్త గాబ్లొంజ్ అని పేరు పెట్టుకున్నారు. చేతివిద్య ఒక్కటే వెంట తెచ్చుకోగలిగిన ఆస్తి. యాబ్లొనెట్స్‌లో మిగిలినవాళ్లతోనూ పని ఆగలేదు. అక్కడి గాజు, నగల మ్యూజియంలో ఆ పూసల నమూనా అట్టలు ఇప్పటికీ చూడొచ్చు.

లూర్దు నుంచి గుణదల దాకా

పూసలు బొహీమియావి అయినా, వాటిని మాలగా కట్టింది ఎక్కువగా ఫ్రాన్స్, ఇటలీల్లో. ఫ్రాన్స్‌లో లువార్ నది ఒడ్డున సోమ్యూర్, కొండప్రాంతంలో ఆంబేర్ జపమాలలకు పేరుపొందిన ఊళ్లు. 1858లో లూర్దులో బెర్నడెట్ అనే అమ్మాయికి మరియమాత దర్శనమిచ్చాక, 1866లో ఆ ఊరికి రైలు వచ్చాక గిరాకీ పొంగింది. 1883 నుంచి పదమూడో లియో పోపు జపమాల మీద వరసగా లేఖలు రాసి అక్టోబర్‌ను జపమాల మాసంగా స్థిరపరిచారు. యాత్రికులు తెచ్చుకున్న మాలల్లో కొన్నిటి సిలువ మధ్యలో గుండుసూది తలంత గాజు కన్ను ఉంటుంది. దాన్ని కంటికి ఆనించి వెలుతురు వైపు చూస్తే లూర్దు గుహ బొమ్మ కనిపిస్తుంది. 1859లో రెనె దాగ్రోన్ పేటెంట్ చేసిన సూక్ష్మ ఛాయాచిత్రాల చమత్కారం అది.

మన విజయవాడ గుణదల కొండ మీద 1924 నుంచి కొలువున్నదీ లూర్దు మాతే. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో తిరునాళ్లకు వచ్చే జనం మెడల్లో, చేతుల్లో ఈరోజు ప్లాస్టిక్, క్రిస్టల్ మాలలు కనిపిస్తాయి. అయినా కృష్ణా, గుంటూరు పల్లెల్లో పాత కథోలిక కుటుంబాల బీరువాల్లో మిషనరీ ఫాదర్లు, సిస్టర్లు కానుకగా ఇచ్చిన విదేశీ మాలలు ఇంకా ఉన్నాయి. తాతమ్మ మాల అని మాత్రమే తెలుసు. ఏ కాలానిదో, దేనితో చేసిందో ఎవరూ చూడరు.

అలాంటి ఒక ఊదారంగు మాల ఇది రాస్తుండగా నా బల్ల మీద ఉంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే పలకల అంచులు కత్తిలా లేవు, కాస్త కరిగినట్టు మెత్తగా ఉన్నాయి. పొయ్యి సెగతో మెరుగు పెట్టిన గుర్తు. రెండు పూసల్లో సూదిమొనంత గాలిబుడగలు చిక్కుకుపోయాయి. అసలు ఊదారాయిలో ఇవి ఉండవు, దానిలో రంగు పొరలు పొరలుగా తెలుస్తుంది. బెజ్జం దగ్గర పెచ్చు లేచినచోట గవ్వ లోపలి వంపులాంటి మెరుపు ఉంది. పూసలకన్నా తీగే ఎక్కువ అరిగింది. పరలోక జపం పూస పక్క కొక్కెం ఒకటి దారంలా సన్నబడింది. గాజు కాఠిన్యం అయిదున్నర చుట్టూ, ఊదారాయిది 7. గాలిలోని ఇసుక ధూళే గాజును గీస్తుంది. ఈ పూసల మీది సన్నటి గీతలన్నీ అలా ఏళ్ల తరబడి పడినవే.

చేతికి తెలిసే తేడాలూ ఉన్నాయి. ఊదారాయి, స్ఫటికం బుగ్గకు ఆనిస్తే చల్లగా ఉండి, వేడెక్కడానికి సమయం తీసుకుంటాయి. గాజు త్వరగా ఒంటి వేడికి వచ్చేస్తుంది. నల్ల మాలలో ఇది తిరగబడుతుంది. విక్టోరియా రాణి 1861లో భర్త పోయాక నల్లరాయి నగలు ఐరోపా అంతటా పాకి, దానికి బదులుగా నల్లగాజు వచ్చింది. నల్లరాయి నిజానికి బొగ్గుజాతిది. తేలిగ్గా, గోరువెచ్చగా ఉంటుంది. నల్లగాజు బరువుగా, చల్లగా తగులుతుంది.

కాలం తేల్చడానికి పూస కన్నా లోహమే సాయపడుతుంది. సిలువ మీద, కొక్కెం మీద అడవిపంది తల ముద్ర ఉంటే 1838 తర్వాత పారిస్‌లో పరీక్షించిన వెండి. పీత ముద్ర ఉంటే ఎక్కువగా మిగతా ఫ్రాన్స్‌ది. పెట్టె మీద చెకోస్లొవాకియా అని ఉంటే 1918కి ముందుది కాదు. పూసల మీద ఇంద్రధనుస్సు రంగులు జారుతున్నట్టు లోహపు పూత ఉంటే, ఎంత పాతదని చెప్పినా నమ్మకండి. ఆ పూత 1950ల మధ్యలో స్వరోవ్‌స్కీ సంస్థ, ఫ్యాషన్ సంస్థ డియోర్ కలిసి తెచ్చింది. పురాతనమని చెప్పి, అసలు రత్నాలని చెప్పి ఇంటర్నెట్‌లో అమ్మేవాటిలో ఈ రకం ఎక్కువగా తగులుతుంది. అక్కడ మోసం చేసేది పూస కాదు, అమ్మేవాడి నోరు.

తూకానికి పోతున్నవి

నన్ను బాధపెట్టేది ఒకటుంది. డబ్బు అవసరం పడో, ఇల్లు సర్దుతూనో పాత జపమాలల్ని వెండి దుకాణానికి తీసుకెళతారు. అక్కడ వెండి తూకం తేలాలి కనుక పూసల్ని కటింగ్ ప్లేయరుతో చిట్లగొట్టి ఊడదీస్తారు. తీగ, సిలువ, పతకం కాటాలో పడతాయి. గాజు చెత్తబుట్టలో పడుతుంది. నూట పాతికేళ్ల పని కొన్ని గ్రాముల వెండి కింద లెక్కయిపోతుంది. సన్నటి తీగ జపమాలలో వెండి ఎంతని ఉంటుంది? మాలగా అమ్మితే దానికన్నా ఎక్కువే రావచ్చు. అమ్మకుండా ఉంచుకుంటే మరీ మంచిది. గాజు పూసల కళను ఇటలీ, ఫ్రాన్స్‌లు కలిసి ప్రతిపాదించగా యునెస్కో 2020లో మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ కళకు నమూనాలు మన ఊళ్ల బీరువాల్లో ఉన్నాయి.

కాపాడటం పెద్ద పనేం కాదు. నీళ్లలో నానబెట్టకండి. వెండి మెరుగు ద్రావణంలో అసలే ముంచకండి. ముత్యపు పూసలైతే లోపలి పూత చెడుతుంది, లోహపు టోపీలు ఉంటే మందు వాటి కింద చేరి నల్లబడుతుంది. కొద్దిగా తడిపిన మెత్తటి నూలుగుడ్డతో ఒక్కో పూసా తుడిచి, వెంటనే పొడిగుడ్డతో అద్దండి. మేకుకు వేలాడదీస్తే బరువంతా ఒకటి రెండు కొక్కేల మీద పడి అక్కడే తెగుతుంది. చిన్న డబ్బాలో చుట్టగా పెట్టండి. తీగ తెగితే కంసాలితో ఆ ఒక్క లంకె మాత్రమే వేయించండి, మాలంతా విప్పి కొత్త గొలుసుకు ఎక్కించనివ్వకండి. పూస పోతే, అదే రంగు కొత్త పూసతో కలిపేయకుండా తేడా తెలిసేలా వేరే పూస పెట్టించండి. తర్వాత చూసేవాళ్లకు ఏది పాతదో తెలుస్తుంది. ఒక కాగితం మీద ఆ మాల ఎవరిది, ఏ విచారణ, ఎవరు ఇచ్చారు, ఏ ఏడాది అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి డబ్బాలో వేయండి. ఊదారాయి అని రాయకండి. ఊదారంగు గాజు అని రాయండి.